కాకినాడ ప్లీడరు, ఒక్క ఓటు రోజు

(అమలాపురంలో జూనియర్ లాయర్లు, లా స్టూడెంట్ల ముందు ఒక సీనియర్ అడ్వకేట్ మాట్లాడిన మాటలు)

నమస్కారమండి అందరికీ. సీనియర్లు చాలామంది వచ్చారు, వాళ్ళకి ప్రత్యేకంగా నమస్కారాలు, కానీ నేను మాట్లాడేది మాత్రం ఆ వెనక కుర్చీల్లో కూర్చున్న కొత్త గౌన్ల పిల్లలతోనే. సబ్జెక్టు ఏంటండి అని అడిగితే లాయర్లు, ప్రజాసేవ అన్నారు. అంత పెద్ద సబ్జెక్టు పట్టుకుంటే ఎటూ తేలదు, అందుకని ఒక్క మనిషి గురించే మాట్లాడతాను. మన మనిషి గురించి. లోక్‌సభ స్పీకర్‌గా చేసిన గంటి మోహనచంద్ర బాలయోగి గారు.

మీలో చాలామంది ఆయన పోయాక పుట్టినవాళ్ళే అయ్యుంటారు. 2002 మార్చి 3న పోయారు. ఆయన గురించి మీకేం తెలుసమ్మా అని పిల్లల్ని అడిగితే హెలికాప్టర్ ప్రమాదం అంటారు, యానాం బ్రిడ్జి అంటారు, ఆయన పేరున్న గచ్చిబౌలి స్టేడియం అంటారు, అక్కడితో అయిపోద్ది. ఆయన లాయరని చాలామందికి గుర్తే ఉండదు. నాకు మాత్రం ఆయనలో అన్నిటికంటే ముందు కనపడేది లాయరే. ఎంపీగా, మంత్రిగా, స్పీకర్‌గా ఏ కుర్చీలో కూర్చున్నా ఆ లాయరు లోపల పని చేస్తూనే ఉన్నాడనేది నా అభిప్రాయం, ఎందుకంటున్నానో చెప్తాను, కాస్త ఓపిగ్గా వినండి.

1951 అక్టోబర్ 1న ఎదుర్లంకలో పుట్టారు. గౌతమి ఒడ్డునుంటది ఊరు, ఎదురుగా అవతల గట్టున యానాం. చిన్నప్పటి చదువు గుత్తెనదీవిలో, తర్వాత పీజీ దాకా కాకినాడలో, లా డిగ్రీ ఆంధ్రా యూనివర్సిటీలో. 1980లో కాకినాడలో ప్రాక్టీసు పెట్టారు. ఈ మాట రెండు సెకండ్లలో చెప్పేశాను గానీ ఆ రోజుల్లో దాని బరువు వేరండి. అప్పట్లో పెద్ద బార్‌లలో తాత ప్లీడరు, తండ్రి ప్లీడరు, బీరువా నిండా లా రిపోర్టులు, వరండాలో క్లయింట్లు, గుమాస్తా సహా అన్నీ వారసత్వంగా వచ్చే ఆఫీసులే ఎక్కువ. అలాంటి చోటికి లంక ఊరి నుంచి, అంటే నది మేట వేసిన నేల మీది ఊరి నుంచి, ఒక దళిత కుర్రాడు నల్లకోటు వేసుకుని వచ్చి, బెంచ్ క్లర్కు కేసు పిలిస్తే లేచి నిలబడి తన వాదన తాను చెప్పుకోవడం అంటే, అది చూడని వాళ్ళకి చెప్పినా సగమే అర్థమవుద్ది.

ఇక్కడ లంకల గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే బయట ఊళ్ళ నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న పిల్లలు కూడా ఉన్నారు. మా గోదారి లంకల్లో భూమి దావా ఎలా ఉంటదంటే, కాగితం మీద సర్వే నంబరు ఉంటది, విస్తీర్ణం ఉంటది, శిస్తు కట్టిన రసీదులుంటాయి, తీరా వెళ్ళి చూస్తే అక్కడ భూమి ఉండదు, గోదారి ఉంటది. వరదకి ఇటు గట్టు కోతలో పోద్ది, అటు ఎదురుగా ఇసక మేట వేస్తది, కొన్నాళ్ళకి ఆ మేట మీద ఒండ్రు పడి రెల్లు మొలుస్తది, ఇంక అది మాదంటే మాదని ఇటూరూ అటూరూ కర్రలు పట్టుకుంటారు, ఈలోపు రెవెన్యూ వాళ్ళొచ్చి అది గవర్నమెంటుది అంటారు. కోర్టు అడ్వకేట్ కమిషనర్ని, అంటే అక్కడికి వెళ్ళి చూసి రిపోర్టు ఇచ్చే లాయర్ని, వేస్తది. ఆ రోజు చూడాలి మీరు. పడవ మీద వెళ్ళాలి, సర్వేయరు గొలుసు పట్టుకుని మొల లోతు నీళ్ళలో దిగుతాడు, గుమాస్తా గొడుగు కింద ఫైలు తడవకుండా గుండెలకి అదుముకుని నిలబడతాడు, రెండు పార్టీల వాళ్ళూ చెరో పక్కన, గొలుసు ఎవరి వైపు జరిగితే వాళ్ళు అరుస్తారు. అందరి దగ్గరా ఏదో ఒక న్యాయం ఉంటది. భూమి పోగొట్టుకున్నోడిదీ అబద్ధం కాదు, కొత్తగా మేట వేసిన చోట నాలుగేళ్ళు ఒళ్ళొంచి చెమటోడ్చినోడిదీ అబద్ధం కాదు. అప్పుడు లాయరు పని ఏంటంటే, జాలి ఎటున్నా సరే చట్టం ఏం చెప్తుందో అది చదవడం. నేను ఆయన ఫలానా లంక కేసు వాదించారని చెప్పట్లేదండి, ఎదుర్లంకలో పుట్టినవాడికి ఈ గొడవ ఎవరూ నేర్పక్కర్లేదు అంటున్నాను.

1985లో ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేట్‌గా సెలెక్ట్ అయ్యారు. అయి, కొద్ది రోజులకే రాజీనామా చేసి మళ్ళీ ప్రాక్టీసుకి వచ్చేశారు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. మీలో ఎంతమంది జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకి చదువుతున్నారు? చేతులెత్తక్కర్లేదు, నాకు తెలుసు, సగం మంది చదువుతున్నారు, చదవాలి కూడా. అలాంటి ఉద్యోగం చేతికొచ్చాక, నెల జీతం, క్వార్టరు, ముందు డవాలీ బంట్రోతు, ఊరంతా జడ్జిగారని లేచి నిలబడే గౌరవం, ఇవన్నీ వదిలేసి, మళ్ళీ వచ్చి మనలాగా వకాల్తా పట్టుకుని వాయిదాల చుట్టూ తిరగడం. ఏ ఇంట్లోనైనా ఏడుస్తారండి. ఎందుకు వదిలేశారో ఆయన మనసులోకి దూరి చెప్పే పని నేను పెట్టుకోను. ఆ తర్వాత ఏం చేశారో మాత్రం కళ్ళముందు ఉంది. 1986లో కాకినాడ కో-ఆపరేటివ్ టౌన్ బ్యాంకు వైస్ చైర్మన్, 1987లో తూర్పు గోదావరి జిల్లా పరిషత్ చైర్మన్.

ఆ 1987 ఎలక్షన్లు ఇప్పటి పద్ధతి కాదు. ఇప్పుడు జడ్పీటీసీలు గెలిచి చైర్మన్ని ఎన్నుకుంటారు. ఎన్టీఆర్ గారు మండలాలు పెట్టాక జరిగిన ఆ ఎలక్షన్లలో జిల్లా పరిషత్ చైర్మన్ని జనమే నేరుగా ఓటేసి ఎన్నుకున్నారు. అంటే అటు రంపచోడవరం ఏజెన్సీ నుంచి ఇటు అంతర్వేది దాకా, జిల్లాలో పల్లెలన్నీ కలిపి ఒక్క నియోజకవర్గం లెక్క. ముప్పై ఐదేళ్ళ లాయరు, జిల్లా అంతా తిరిగి గెలిచారు. జిల్లా పరిషత్ అంటే ఏముందిలే అనుకోకండి, హైస్కూళ్ళు వాళ్ళవే, ఊళ్ళ మధ్య రోడ్లు వాళ్ళవే, మంచినీళ్ళ పథకాలు వాళ్ళవే. డెల్టాలో నీళ్ళకేం లోటు అంటారు బయటోళ్ళు. ఎండాకాలం కాలవలు కట్టేస్తే చివరాఖరి ఊళ్ళలో బిందెడు మంచినీళ్ళకి ఎంత అవస్థో, కాలవ కట్టేసే లోపు ఊరి చెరువు నింపుకోలేకపోతే ఆ రెండు నెలలు ఎలా గడుస్తాయో, ఉప్పు నీళ్ళ పక్కన బతికే ఎదుర్లంక వాళ్ళకి తెలిసినంత ఎవరికీ తెలీదు.

తర్వాతవి గబగబా చెప్పేస్తాను. 1991లో తెలుగుదేశం తరఫున అమలాపురం ఎంపీ. 1996లో ఓడిపోయారు. ముమ్మిడివరం ఉప ఎన్నికలో ఎమ్మెల్యేగా గెలిచి రాష్ట్రంలో ఉన్నత విద్యా మంత్రి అయ్యారు. 1998లో మళ్ళీ అమలాపురం నుంచి లోక్‌సభకి. ఆ ఏడాది మార్చి 24న స్పీకర్. నలభై ఆరేళ్ళు నిండి ఆరు నెలలు కూడా కాలేదు, అప్పటిదాకా లోక్‌సభకి అంత చిన్న వయసు స్పీకర్ లేడు, ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు కూడా ఆయనే. తెలుగువాళ్ళలో ఆయనకి ముందు అనంతశయనం అయ్యంగార్, నీలం సంజీవరెడ్డి గార్లు కూర్చున్నారు, ఇద్దరూ రాయలసీమ వాళ్ళు. గోదావరి జిల్లాల నుంచి ఈయనే.

అలాగని కాకినాడ ప్లీడర్లకి స్పీకర్ కుర్చీ పూర్తిగా కొత్తేం కాదండోయ్. 1937లో మద్రాసు అసెంబ్లీ స్పీకర్ ఎవరు? బులుసు సాంబమూర్తి గారు. కాకినాడలో ప్లీడరీ చేసి, స్వాతంత్ర్యం కోసం దాన్ని వదులుకుని, జైళ్ళకి వెళ్ళి, 1942లో ఆ స్పీకర్ పదవి కూడా వదిలేసిన మనిషి. అటు రాజమండ్రిలో న్యాపతి సుబ్బారావు పంతులు గారు, ప్రకాశం పంతులు గారు, ఇద్దరూ ప్లీడర్లే, ఇద్దరూ మునిసిపల్ చైర్మన్లుగా చేసినవాళ్ళే. కోర్టు మెట్ల నుంచి ఊరి పనిలోకి వెళ్ళే దారి గోదావరి మీద మొదట్నుంచీ ఉంది. కాకపోతే ఆ దారి లంక పేటల్లో పుట్టినవాడి దాకా రావడానికి అన్నేళ్ళు పట్టింది. అది మర్చిపోకూడదు మనం.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 1999 ఏప్రిల్ 17.

వాజ్‌పేయి గారి ప్రభుత్వానికి అన్నాడీఎంకే మద్దతు తీసేసింది, రాష్ట్రపతి నారాయణన్ గారు సభ విశ్వాసం నిరూపించుకోమన్నారు. తెలుగుదేశం బయట నుంచి ప్రభుత్వానికి మద్దతు. స్పీకర్ తెలుగుదేశం మనిషి. అదే రోజు గిరిధర్ గమాంగ్ గారని, కోరాపుట్ ఎంపీ, కాంగ్రెస్ ఆయన, ఓటెయ్యడానికి సభకొచ్చారు. గొడవేంటంటే అప్పటికి రెండు నెలల క్రితమే ఆయన ఒరిస్సా ముఖ్యమంత్రి అయ్యారు. ముఖ్యమంత్రి వచ్చి ఢిల్లీలో ఓటెయ్యడమేంటి, ఒప్పుకోకండి అని ప్రభుత్వం వైపు నుంచి గట్టిగా అభ్యంతరం.

మీరే స్పీకర్ అనుకోండి. నల్లకోటు అలవాటుతో ఆలోచించండి. మొదటి ప్రశ్న, ఆయన ఎంపీ పదవి పోయిందా లేదా? ఒకే మనిషి పార్లమెంటులోనూ రాష్ట్ర శాసనసభలోనూ సభ్యుడిగా ఉండకూడదు, అది ఆర్టికల్ 101. కానీ గమాంగ్ గారు అప్పటికి ఎమ్మెల్యే కాలేదు. ఏ సభలో సభ్యుడు కాకపోయినా ఆరు నెలలు మంత్రిగా ఉండొచ్చని ఆర్టికల్ 164 చెప్తుంది, ముఖ్యమంత్రికీ అదే. ఆరు నెలల గడువు ఇంకా ఉంది. రెండో ప్రశ్న, ముఖ్యమంత్రి పదవి లాభదాయక పదవి కాదా? కాదు. ఆర్టికల్ 102లోనే రాసి ఉంది, కేంద్రంలోగానీ రాష్ట్రంలోగానీ మంత్రి అయినంత మాత్రాన లాభదాయక పదవి కింద లెక్క కట్టకూడదని. మూడోది, ఒకవేళ అనర్హతే అనుకుందాం, అది తేల్చేదెవరు? స్పీకర్ కాదు, ఆర్టికల్ 103 ప్రకారం ఎలక్షన్ కమిషన్ అభిప్రాయం తీసుకుని రాష్ట్రపతి తేల్చాలి. ఫిరాయింపుల కేసు అయితే స్పీకర్ చేతిలో ఉంటది, ఇది అది కాదు. అంటే ఎటు నుంచి చదివినా ఆ రోజు గమాంగ్ గారు లోక్‌సభ సభ్యుడే, ఓటు హక్కు ఉన్నవాడే. ఆపే అధికారం స్పీకర్‌కి లేదు.

బాలయోగి గారు ఆపలేదు. ఓటెయ్యాలా వద్దా అనేది ఆయన విచక్షణకే వదిలేశారు. గమాంగ్ గారు ఓటేశారు, ప్రభుత్వానికి వ్యతిరేకంగా. 269, 270. ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది.

ఇక్కడ ఇంకో లెక్క ఉందండి, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు, నాకు మాత్రం ఎప్పుడు తలుచుకున్నా ఒళ్ళు జలదరిస్తది. గమాంగ్ గారి ఓటు తీసేయండి. ఎంత? 269, 269. సమానం. సమానమైతే ఏమవుద్ది? ఆర్టికల్ 100 తియ్యండి, స్పీకర్ మామూలుగా ఓటెయ్యడు, ఓట్లు సమానమైనప్పుడు మాత్రం ఆయనకి కాస్టింగ్ ఓటు ఉంటది. అంటే ఆ ఒక్క సభ్యుణ్ణి బయట కూర్చోబెట్టి ఉంటే దేశంలో ప్రభుత్వం ఉండాలా పోవాలా అనేది ఎదుర్లంక ప్లీడరు గారి చేతికి వచ్చేది. తన పార్టీ మద్దతిచ్చే ప్రభుత్వం అది. ముందుగా లెక్క ఎవరికీ తెలీదు, నిజమే, కానీ పోటీ వెంట్రుకవాసిలో ఉందని మాత్రం సభలో ప్రతివాడికీ తెలుసు.

ఆయన్ని అప్పుడు తిట్టినవాళ్ళున్నారు. ఇప్పటికీ కొంతమంది అంటారు, స్పీకర్ గట్టిగా ఉంటే ఆ ప్రభుత్వం నిలబడేది అని. నేను ఆ మాట ఒప్పుకోను. ముఖ్యమంత్రిగా ఉన్నాయన వచ్చి ఓటెయ్యడం మర్యాదా కాదా అంటే అది గమాంగ్ గారూ ఆయన పార్టీ జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్న, దాని మీద ఎంతైనా చర్చ చెయ్యొచ్చు. మర్యాద వేరు, హక్కు వేరు. హక్కున్నవాడి హక్కుని, మనవాళ్ళకి నష్టం కదా అని కుర్చీలో కూర్చున్నవాడు కొట్టేస్తే ఇంక ఆ కుర్చీ దేనికండి? లంకలో గొలుసు ఎవరి వైపు జరిగినా సర్వేయరు కొలతే రాయాలి. ఆయన అదే రాశారు. కొలత తన వాళ్ళకి ఎదురొచ్చింది, అయినా రాశారు.

దీని వల్ల ఆయనకి నష్టం జరిగిందా? అదే ఏడాది మళ్ళీ ఎలక్షన్లు, మళ్ళీ అమలాపురం నుంచి గెలిచారు, వాజ్‌పేయి గారు మళ్ళీ వచ్చారు, అక్టోబర్ 22న మళ్ళీ బాలయోగి గారే స్పీకర్. ఎవరి ప్రభుత్వం ఆ ఒక్క ఓటుతో పోయిందో వాళ్ళే మళ్ళీ ఆయన్ని తీసుకెళ్ళి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. దీనికంటే పెద్ద సర్టిఫికెట్ ఏ లాయరుకి దొరుకుద్దండి.

రెండో విడతలో ఆయన పట్టుకున్న పని సభ నడవడం. 2000లో లోక్‌సభకి మొదటిసారి ఎథిక్స్ కమిటీ వేశారు. 2001 నవంబర్ 25న ముఖ్యమంత్రులు, అన్ని సభల అధ్యక్షులు, పార్టీల నాయకులు, విప్‌లు అందర్నీ ఢిల్లీలో కూర్చోబెట్టి సభల క్రమశిక్షణ మీద పెద్ద సమావేశం పెట్టారు. పార్లమెంటు ఏడాదికి కనీసం 110 రోజులు కూర్చోవాలి అని అక్కడ తీర్మానం. ఇప్పుడు ఎన్ని రోజులు కూర్చుంటుందో మీరే చూసుకోండి. ఆ సమావేశమైన పది రోజులకే, డిసెంబర్ 5న, లోక్‌సభ నిబంధనల్లోకి 374ఎ వచ్చింది. అంతకు ముందు సభ్యుణ్ణి సస్పెండ్ చెయ్యాలంటే సభలో తీర్మానం పెట్టి నెగ్గించుకోవాలి. ఈ కొత్త రూలుతో, వెల్‌లోకి, అంటే స్పీకర్ కుర్చీ ముందున్న ఖాళీ జాగాలోకి, దూసుకొచ్చి కావాలని సభని అడ్డుకుంటుంటే స్పీకర్ పేరు చదివితే చాలు, వరసగా అయిదు సిట్టింగులు గానీ సెషన్‌లో మిగిలిన రోజులు గానీ, ఏది తక్కువైతే అన్నాళ్ళు, దానంతట అదే సస్పెన్షన్. ఈ రూలు మీద నాకు రెండు రకాల ఆలోచనలున్నాయి, నిజం చెప్పాలంటే. తీర్మానం లేకుండా ఒక్క మనిషి చేతిలో అంత అధికారం పెట్టడం మంచిదేనా అని లాయరుగా అడగాల్సిందే. బాలయోగి గారి లాంటి ఓపికున్న మనిషి చేతిలో అది ఒక రకం, వేరే చేతుల్లో ఇంకో రకం. మీరు పెద్దయ్యాక ఎక్కడో వాదించాల్సి వస్తది, ఇప్పుడే ఆలోచించి పెట్టుకోండి. ఆ తర్వాత వారానికే, డిసెంబర్ 13న, పార్లమెంటు మీద దాడి జరిగింది. అప్పుడూ స్పీకర్ ఆయనే.

ఇంకో మూడు నెలలు లేరు. భీమవరం నుంచి హైదరాబాదు వెళ్తుంటే కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో చేపల చెరువులో హెలికాప్టర్ కూలిపోయింది. ఆయన, సెక్యూరిటీ ఆఫీసరు, పైలట్, ముగ్గురూ పోయారు. యాభై ఏళ్ళే ఆయనకి. ఆ రోజు కోనసీమలో పొయ్యి వెలగని ఇళ్ళు ఎన్నో, ఇక్కడున్న పెద్దవాళ్ళకి తెలుసు.

వంతెన సంగతి చెప్పకుండా ఆపితే ఎదుర్లంక వాళ్ళు నన్ను ఊరుకోరు. ఆ వంతెన లేనప్పుడు ఇటు నుంచి కాకినాడ వెళ్ళాలంటే, రావులపాలెం మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళాలి, లేదా ఎదుర్లంక రేవులో గోదారి దాటాలి. సముద్రం దగ్గర కదా, అక్కడ పోటూ పాటూ ఉంటాయి. పాటు మీద, అంటే నీళ్ళు దిగిపోయినప్పుడు, మనుషుల్ని దాటించే పంటు ఇసక తిప్పకి తగులుకుందంటే మళ్ళీ పోటు వచ్చేదాకా నది మధ్యలో కూర్చోవడమే. కలెక్టరాఫీసులో పని ఉన్నోడూ, వాయిదాకి సాక్షం చెప్పాల్సినోడూ, నొప్పులొచ్చి కాకినాడ పెద్దాసుపత్రికి బయల్దేరిన ఆడపిల్లా, అందరూ ఆ నీళ్ళ దయ మీదే. కక్షిదారు వాయిదాకి రాలేదని ఎక్స్‌పార్టీ అయిపోయిన, అంటే ఆ మనిషి లేకుండానే తేలిపోయిన, కేసులు మన సీనియర్లు ఎన్నైనా చెప్తారు. ఆయన పట్టుబట్టి తెచ్చుకున్న ఆ వంతెన 2002లో, ఆయన పోయాకే తెరిచారు. ఆయన పేరే పెట్టారు, మంచి పని చేశారు.

రైలు మాత్రం వేరే కథ. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లోనే రైలుండేది, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1940లో, పట్టాలు పీకి పట్టుకుపోయారు. మళ్ళీ 2004లోగానీ ఆ లైను నడవలేదు. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం లైను ఆయన స్పీకర్‌గా ఉన్నప్పుడే మంజూరైంది, దాని కోసం ఆయన తిరగని ఆఫీసు లేదు, అది ఇప్పటికీ పూర్తి కాలేదు. అమలాపురం పిల్లలు ఇప్పటికీ రైలెక్కాలంటే రాజమండ్రో, కాకినాడో పోవాలి. ఆ లైనుకి పొలమో కొబ్బరితోటో ఇచ్చిన రైతు ఎవరైనా పరిహారం కాగితాలు పట్టుకుని మీ ఆఫీసుకొస్తే ఫీజు సంగతి తర్వాత చూసుకుందాం, ముందు కూర్చోబెట్టి కాగితాలు మొత్తం చదవండి. అవార్డు, అంటే పరిహారం ఖరారు చేసిన ఉత్తర్వు, దాని తేదీ చూడండి, చెట్లకి విలువ కట్టారో లేదో చూడండి, పరిహారం చాలదంటే గడువు దాటకముందే రిఫరెన్సు, అంటే దాన్ని మళ్ళీ తేల్చమనే అర్జీ, వెయ్యండి. ఎలా రాయాలో తెలీకపోతే సాయంత్రం ఆరింటి తర్వాత మా ఆఫీసుకి రండి, నేను కూర్చుని రాయిస్తాను. ఉంటానండి, నమస్కారం.